ఎర్ర పెన్నుకు మూత పెట్టండి: డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ దిద్దే టీచర్లకు తొమ్మిది తలకిందుల సలహాలు

కాంపోజిషన్ నోట్‌బుక్కుల కట్ట ముందు పెట్టుకున్న ఇంగ్లీషు టీచరు చెయ్యి ముందుగా ఎర్ర పెన్ను మీదికే పోతుంది. ‘మోర్ టాలర్’ కనిపిస్తే ‘మోర్’ మీద అడ్డగీత. ‘టాల్ దేన్’ కనిపిస్తే ‘టాల్’ చివర ‘ఇఆర్’. ‘బిగెస్ట్ సిటీ’ కనిపిస్తే ముందు ఒక ‘ద’. కట్ట పూర్తయ్యేసరికి మెడ పట్టేస్తుంది. మరుసటి వారం అవే తప్పులు, అదే చేతిరాతలో, మళ్లీ వస్తాయి. అప్పుడు అనే మాట కూడా మనందరికీ తెలిసిందే: ‘ఎన్నిసార్లు చెప్పినా వీళ్లకు ఎక్కదు.’

ఎక్కనిది పిల్లలకు కాదు. వాళ్లు రాసిన తప్పులో ఏముందో చదవకుండానే మనం దిద్దేస్తున్నాం. ఎడిన్‌బరోలో పనిచేసిన భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లోనే ఈ సంగతి రాశాడు. నేర్చుకునేవాడి తప్పు అతని బుర్రలో ప్రస్తుతం ఏ సూత్రం నడుస్తోందో చెప్పే సాక్ష్యమని, అది టీచరుకూ పరిశోధకుడికీ చివరికి ఆ పిల్లవాడికీ పనికొస్తుందని ఆయన వాదన. ఆ వ్యాసం వచ్చి అర్ధశతాబ్దం దాటినా మన బళ్లలో తప్పును ఇంకా చెత్తలాగే ఊడ్చేస్తున్నాం.

కింది సలహాలు స్టాఫ్ రూమ్‌లో చెబితే తలకిందులుగా వినిపిస్తాయి. హెడ్మాస్టరు గారు నోట్‌బుక్కులు తనిఖీ చేసే రోజున ఇబ్బందిగా కూడా ఉంటాయి. అయినా ప్రతి ఒక్కటీ నమ్మి, పాటించదగ్గదనే చెబుతున్నాను.

1. తప్పును కొట్టేయకండి, మక్కీకి మక్కీ రాసుకోండి

గీత పడిన తప్పు మళ్లీ చదవడానికి దొరకదు. అందుకే దిద్దేముందు ఒక పాత డైరీ తీసుకుని, పోలిక ఉన్న ప్రతి వాక్యాన్నీ పిల్లలు ఎలా రాశారో అలాగే ఎక్కించండి. తప్పు పదం ఒక్కటే రాసుకుంటే సగం సాక్ష్యం పోతుంది. వాక్యం మొత్తం, వీలైతే దాని ముందు వాక్యం కూడా కావాలి.

ఊరి గురించి రాయమంటే వచ్చే పేరా సాధారణంగా ఇలా ఉంటుంది:

‘మై విలేజ్ ఈజ్ స్మాల్ దేన్ గుంటూర్. గుంటూర్ ఈజ్ మోర్ బిగ్గర్. మై విలేజ్ ఎయిర్ ఈజ్ గుడ్ దేన్ సిటీ. మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఓల్డెస్ట్ పర్సన్ ఇన్ అవర్ విలేజ్. హి ఈజ్ వెరీ స్ట్రాంగర్ దేన్ మై ఫాదర్. అవర్ స్కూల్ ఈజ్ వన్ ఆఫ్ ద బెస్ట్ స్కూల్ ఇన్ అవర్ మండల్.’

ఎర్ర పెన్నుకు ఇందులో ఆరు వాక్యాలూ తప్పులే. ఈ పేరాను దగ్గర పెట్టుకోండి, చివరిదాకా దీనితో పని ఉంది.

రాసుకున్నాక ఒక చిన్న పరీక్ష చేయండి. ఏమీ దిద్దకుండా నోట్‌బుక్కు తిరిగి ఇచ్చి, ‘ఒకసారి చదివి నీకేమైనా మార్చాలనిపిస్తే మార్చు’ అనండి. పిల్లవాడు తానే ‘స్మాల్’ను ‘స్మాలర్’ చేశాడంటే అది తొందరలో జారిన పొరపాటు. ఎన్నిసార్లు చదివినా అలాగే ఉంచాడంటే అతని దృష్టిలో అదే సరైన ఇంగ్లీషు. కార్డర్ ఈ రెంటినీ వేరుచేసి చూడమన్నాడు. మొదటిదానికి పాఠం అక్కర్లేదు, నిదానం చాలు. రెండోదానికి పాఠం కావాలి. ఏ పాఠమో తేల్చుకోవడానికే మిగతా సలహాలు.

2. తప్పులతో పాటు ఒప్పుల్నీ లెక్కపెట్టండి

‘ఆరు తప్పులు’ అన్నది లెక్క కాదు. ఆరింట్లోనా, అరవైలోనా? పిల్లల భాష మీద 1973లో పెద్ద పుస్తకం రాసిన రోజర్ బ్రౌన్ ఒక పద్ధతి పాటించాడు. ఒక రూపం తప్పనిసరిగా రావాల్సిన చోట్లు ఎన్ని ఉన్నాయో ముందు చూడాలి, వాటిలో ఎన్నిచోట్ల వచ్చిందో తర్వాత చూడాలి. నూటికి తొంభై చోట్ల వస్తే ఆ రూపం పట్టుబడినట్టే అన్నాడు.

మన పేరాను అలా లెక్కేద్దాం. విశేషణం రూపం మారాల్సిన చోట్లు ఆరు. ‘బిగ్గర్’, ‘ఓల్డెస్ట్’, ‘స్ట్రాంగర్’, ‘బెస్ట్’ నాలుగూ సరిగ్గా వచ్చాయి. మారనివి ‘స్మాల్’, ‘గుడ్’ రెండే. దేనితో పోలుస్తున్నాడో పేరు పెట్టి చెప్పిన చోట్లు మూడు, మూడింట్లోనూ ‘దేన్’ పడింది. ‘ద’ రావాల్సిన సూపర్లేటివ్‌లు రెండు, ఒకదానికి వచ్చింది, ఒకదానికి రాలేదు.

ఇప్పుడు ఆ పిల్లవాడు వేరేగా కనిపిస్తాడు. అతనికి ‘ఇఆర్’ తెలుసు. ‘ఇఎస్‌టి’ తెలుసు. ‘దేన్’ స్థానం బాగా తెలుసు. ‘ద’ విషయంలో అయోమయం ఉంది. అందరికీ కలిపి డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ మొదటినుంచి మళ్లీ చెబితే, ఇతనికి తెలిసిన ముప్పావు పాఠం మళ్లీ వినిపించి, తెలియని పావు పాఠం దగ్గరికి వచ్చేసరికి బెల్లు కొట్టించినట్టవుతుంది.

3. ‘గుడర్’ అన్న పిల్లను మెచ్చుకోండి

ఆరో తరగతిలో చక్కగా ‘బెటర్’ అన్న అమ్మాయి ఏడో తరగతిలో ‘గుడర్’ అంటే మనకు గుండె గుభేలుమంటుంది. వెనక్కి పోయిందని తల్లిదండ్రులకు కబురు పంపుతాం. నిజానికి ఆ పిల్ల ముందుకు నడిచింది.

ఆరో తరగతిలో ‘బెటర్’ ఆమెకు ఒక విడి మాట. ‘గుడ్’కూ దానికీ చుట్టరికం ఉందని తెలియదు. విన్నది విన్నట్టు అప్పజెప్పింది. ఏడో తరగతికి ‘టాల్–టాలర్’, ‘స్మాల్–స్మాలర్’ వరస బుర్రలో కూర్చుంది. ఆ వరసను తానుగా ‘గుడ్’కు అంటించి చూసింది. ఎవరూ చెప్పని మాటను తయారు చేసిందంటే సూత్రం సొంతమైందన్న మాట. ఇంగ్లీషే ఇంటి భాషగా పెరిగే పిల్లలు కూడా ‘గుడర్’, ‘మోర్ బెటర్’ అనే మెట్టు దాటే వస్తారు. ఈ దశలో చేయాల్సింది రెండు పనులే. ‘రూలు భలే పట్టావు’ అని చెప్పడం, ‘ఇది రూలు వినని మాట’ అంటూ గుడ్, బ్యాడ్, ఫార్, లిటిల్, మచ్ లాంటి నాలుగైదింటిని మాటల్లో, కథల్లో పదే పదే వినిపించడం. ఇంపోజిషన్ రాయిస్తే ‘బెటర్’ వస్తుందేమో గానీ, సూత్రం కట్టే ధైర్యం పోతుంది.

4. నేరం తెలుగు మీద మోపే ముందు తెలుగు వాక్యం రాసి చూడండి

‘తెలుగులో ఆలోచిస్తారు, అందుకే ఈ తప్పులు’ అన్నది స్టాఫ్ రూమ్‌లో అందరూ ఒప్పుకునే తీర్పు. 1957లో రాబర్ట్ లాడో రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి తేడాలు చూస్తే నేర్చుకునేవాడికి ఏది కష్టమో ముందే ఊహించవచ్చన్నాడు. 1971లో జాక్ రిచర్డ్స్ మరో సంగతి చూపించాడు. వేర్వేరు మాతృభాషలవాళ్లు ఒకే తప్పు చేస్తున్నారంటే దాని మూలం మాతృభాషలో కాక ఇంగ్లీషులోనే ఉంటుంది. రెండూ నిజమే. ఏ తప్పు ఏ కోవలోదో మాత్రం ఒక్కొక్కటిగా చూసి తేల్చాలి.

‘స్మాల్ దేన్ గుంటూర్’ తీసుకోండి. తెలుగులో ‘మా ఊరు గుంటూరు కంటే చిన్నది’ అంటాం. పోలిక బరువంతా ‘కంటే’ మోస్తుంది. ‘చిన్న’ అన్న మాట ఇసుమంతైనా మారదు. ‘దేన్’ పెట్టాక పని అయిపోయిందని పిల్లవాడు అనుకోవడంలో తెలుగు ఉంది. ‘వెరీ స్ట్రాంగర్’లోనూ ఉంది. ‘చాలా బలంగా ఉన్నాడు’, ‘నాన్న కంటే చాలా బలంగా ఉన్నాడు’ రెంటికీ మనకు ఒకే ‘చాలా’. ఇంగ్లీషు మాత్రం మొదటిదానికి ‘వెరీ’, రెండోదానికి ‘మచ్’ అడుగుతుంది. ‘ఎయిర్ ఈజ్ గుడ్ దేన్ సిటీ’లోనూ మన వాక్యమే కనబడుతోంది. ‘మా ఊరి గాలి సిటీ కంటే బాగుంటుంది’ అంటే ఎవరికీ తికమక లేదు. ఇంగ్లీషులో గాలిని గాలితోనే పోల్చాలి. ‘ఓల్డెస్ట్ పర్సన్’ ముందు ‘ద’ లేకపోవడం సరేసరి, ఆ మాటకు సాటి వచ్చేది తెలుగులో లేనే లేదు.

ఈ పేరాలో లేనివీ కొన్ని ఉన్నాయి. ‘సీత రవి అంత పొడుగు కాదు’లో ‘అంత’ ఒక్కటే ఉంది కాబట్టి ‘సీత ఈజ్ నాట్ టాల్ యాజ్ రవి’ అని మొదటి ‘యాజ్’ ఎగిరిపోతుంది. ‘ఎంత చదివితే అంత నేర్చుకుంటావు’ అన్నది ‘హౌ మచ్ యు రీడ్, దట్ మచ్ యు లెర్న్’ అవుతుంది. ‘నాకంటే సీనియర్’ నుంచి ‘సీనియర్ దేన్ మి’, ‘కాఫీ కంటే టీ ఇష్టం’ నుంచి ‘ఐ ప్రిఫర్ టీ దేన్ కాఫీ’ వస్తాయి. ఈ రెండు చోట్లా ఇంగ్లీషుకు ‘టు’ కావాలి.

‘వన్ ఆఫ్ ద బెస్ట్ స్కూల్’ దగ్గర ఆగండి. తెలుగులో రాసి చూడండి: ‘మంచి బళ్లలో ఒకటి’. బహువచనం కళ్లెదుటే ఉంది. తెలుగులో ఆలోచించి ఉంటే పిల్లవాడు ‘స్కూల్స్’ అనే రాసేవాడు. ఇక్కడ దారి తప్పించింది ఇంగ్లీషే. ‘వన్’ అంటే ఏకవచనం అని బాగా నేర్చుకున్న పిల్లవాడు ఆ ఏకవచనాన్ని చివరిదాకా లాక్కెళ్లాడు. ఇలాంటి తప్పుకు తెలుగే మందు. ‘మంచి బళ్లలో ఒకటి అంటే ఎన్ని బళ్లున్నాయి?’ అని అడగండి. జవాబు చెబుతూనే ‘ఎస్’ చేరుస్తాడు. తప్పంతా తెలుగుదే అనుకున్న టీచరు ఈ మందును బీరువాలో పెట్టి తాళం వేసినట్టే.

ఇక ‘గుంటూర్ ఈజ్ మోర్ బిగ్గర్’. ఈ పేరాలో ‘మోర్’ ఒక్కసారే వచ్చింది. వచ్చింది కూడా ‘దేన్’ లేని వాక్యంలో. తెలుగులో ‘కంటే’ లేనప్పుడు పోలిక చెప్పడానికి ‘ఇంకా’ పెడతాం: ‘గుంటూరు ఇంకా పెద్దది’. ఆ ‘ఇంకా’యే ‘మోర్’గా వచ్చిందా? కావచ్చు. తేల్చుకోవడం తేలిక. అదే పిల్లవాడి చేత ‘దేన్’ ఉన్న వాక్యాలు మరికొన్ని రాయించండి. అక్కడా ‘మోర్ బిగ్గర్ దేన్’ అంటే ‘ఇంకా’ ఊహ వీగిపోతుంది. అప్పుడు ‘మోర్’ను, ‘ఇఆర్’ను ఒకదాని మీద ఒకటి పేర్చే అలవాటు, అంటే అన్ని దేశాల పిల్లల్లోనూ కనిపించే అలవాటు అనుకోవాలి. ‘దేన్’ ఉన్నచోట ‘మోర్’ రాకపోతే ఊహ బలపడినట్టు. తప్పుల విశ్లేషణంటే ఇదే. ఒక ఊహ కట్టడం, దాన్ని పడగొట్టగల వాక్యం కోసం వెతకడం.

5. రూలు ముందు చెప్పకండి

‘చిన్న మాటకు ఇఆర్, పెద్ద మాటకు మోర్’ అని చెప్పి బోర్డు తుడిచేస్తాం. పిల్లలకు చిన్న మాటంటే తక్కువ అక్షరాలున్న మాట. ఇంగ్లీషు స్పెల్లింగులో ‘స్ట్రాంగ్’కు ఆరు అక్షరాలు, ‘లేజీ’కి నాలుగు, ‘మోడర్న్’కు ఆరు. అక్షరాలు లెక్కపెట్టిన పిల్లవాడికి ‘స్ట్రాంగర్’ ఎందుకు కుదురుతుందో, ‘మోడర్నర్’ ఎందుకు కుదరదో అంతుపట్టదు. చూడాల్సింది అక్షరాల్ని కాదు, నోటి మాటలో పడే దెబ్బల్ని, అంటే సిలబుల్స్‌ని. అక్కడా మనకు ఒక చిక్కుంది. తెలుగు నోరు మాట చివర అచ్చు కోరుకుంటుంది. ‘స్ట్రాంగు’, ‘స్మార్టు’ అని పలికే పిల్లవాడి చెవికి అవి రెండు దెబ్బల మాటలు. అతను ‘మోర్ స్మార్టు’ అంటే రూలు తెలియదనుకోవద్దు, రూలును తన ఉచ్చారణకు అన్వయించుకుని ఉండవచ్చు. అతనికి అప్పుడు కావలసింది గ్రామర్ పాఠం కాదు, చెవికి పాఠం.

కాబట్టి రూలుకు బదులు మాటలు ఇవ్వండి. టాలర్, లాంగర్, బిగ్గర్, హాటర్, హ్యాపియర్, ఈజియర్, మోర్ బ్యూటిఫుల్, మోర్ ఎక్స్‌పెన్సివ్, మోర్ ఇంటరెస్టింగ్ లాంటివి చీటీల మీద రాసి గుంపులు చేయమనండి. పిల్లలే చప్పట్లు కొట్టి దెబ్బలు లెక్కపెడతారు. ‘బిగ్’కు ఇంకో ‘జి’ ఎందుకు చేరిందో, ‘హ్యాపీ’లో ‘వై’ ఎందుకు ‘ఐ’ అయిందో వాళ్లే అడుగుతారు. రూలు వాళ్ల నోటి నుంచి వచ్చాక, దానికి లొంగనివి చూపించండి. ‘ఫన్’, ‘రియల్’, ‘రాంగ్’ ఒకే దెబ్బ మాటలైనా ‘మోర్’నే కోరుకుంటాయి. ‘క్లెవర్’, ‘సింపుల్’, ‘క్వయట్’ రెండు రకాలుగానూ నడుస్తాయి. ‘మోర్ క్లెవర్’ అన్న పిల్లవాడి మార్కు కోసే ముందు టీచరుకు ఈ సంగతి గుర్తుండాలి.

6. తప్పుల్లేని నోట్‌బుక్కును అనుమానించండి

క్లాసులో ఒక అమ్మాయి ఉంటుంది. నోట్‌బుక్కులో ఒక్క ఎర్ర గీత ఉండదు. ‘మై విలేజ్ ఈజ్ స్మాల్. గుంటూర్ ఈజ్ బిగ్. ద ఎయిర్ ఈజ్ గుడ్.’ పేరా అంతా ఇంతే. గుడ్ పెట్టి సంతకం చేస్తాం.

1974లో జాక్వెలిన్ షాక్టర్ ఇలాంటి శుభ్రమైన కాగితాల గురించి ఒక హెచ్చరిక రాసింది. ఆమె చూసింది రిలెటివ్ క్లాజులు. చైనీస్, జపనీస్ మాతృభాషలుగా ఉన్న విద్యార్థులు పర్షియన్, అరబిక్ విద్యార్థుల కంటే తక్కువ తప్పులు చేశారు. కారణం వాళ్లకు బాగా వచ్చని కాదు. కష్టమనిపించి ఆ వాక్యాల జోలికే తక్కువగా పోయారు. తప్పుల్ని మాత్రమే లెక్కపెట్టే పద్ధతికి ఈ తప్పించుకోవడం కనిపించదు.

మన అమ్మాయి పోలిక చెప్పాల్సిన ప్రతిచోటా పోల్చకుండా రెండు వాక్యాలుగా విడగొట్టింది. ఆమె దగ్గర దిద్దడానికి ఏమీ లేదు, నేర్పడానికి మాత్రం అందరికంటే ఎక్కువ ఉంది. ఆరు తప్పులు చేసిన ఆ కుర్రవాడు ఆమె కంటే ఎంతో ముందున్నాడు. మన మార్కుల పద్ధతి ఆమెకు పది, అతనికి నాలుగు వేస్తుంది. దాంతో వచ్చే ఏడాదికి అతనూ సాహసం మానేసి, ‘ఈజ్ స్మాల్, ఈజ్ బిగ్’ అని రాయడం నేర్చుకుంటాడు. నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే. తప్పుకు శిక్ష పడేచోట పిల్లలు ముందుగా నేర్చుకునేది తప్పించుకోవడం.

7. డిగ్రీలు మార్చమనకండి, పోల్చమనండి

‘హైదరాబాద్ ఈజ్ వన్ ఆఫ్ ద బిగెస్ట్ సిటీస్ ఇన్ ఇండియా.’ దీన్ని కంపారెటివ్‌లోకి మార్చు: ‘బిగ్గర్ దేన్ మోస్ట్ అదర్ సిటీస్’. పాజిటివ్‌లోకి మార్చు: ‘వెరీ ఫ్యూ సిటీస్ ఆర్ యాజ్ బిగ్ యాజ్ హైదరాబాద్’. పదో తరగతి దాటిన తెలుగువాళ్లలో ఈ మూడు వాక్యాలు బట్టీ పట్టనివాళ్లు అరుదు. ‘నో అదర్’ ఎక్కడ, ‘ఎనీ అదర్’ ఎక్కడ, ‘వెరీ ఫ్యూ’ ఎక్కడ అని ఫార్ములా నేర్చుకుని, అర్థం జోలికి పోకుండా మార్చేస్తారు. పరీక్షలో ఫుల్ మార్కులు తెచ్చుకున్న పిల్లవాడే ఇంటికొచ్చి ‘మై బ్రదర్ ఈజ్ టాల్ దేన్ మి’ అంటాడు. మార్చడం వచ్చినంత మాత్రాన పోల్చడం రాదు. ఈ ఎక్సర్‌సైజులో చేసిన తప్పుల్ని మీ డైరీలోకి ఎక్కించకండి. అవి ఫార్ములా తప్పులు, భాష తప్పులు కావు.

నిజంగా పోల్చాల్సిన పని పెట్టండి. మన నదులున్నాయి కదా. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు, కృష్ణ 1,400, పెన్నా 597. ఈ మూడు అంకెలు బోర్డు మీద రాసి, ‘మీకు తోచినన్ని సంగతులు చెప్పండి’ అనండి. గోదావరి, కృష్ణల మధ్య తేడా 65 కిలోమీటర్లే కాబట్టి ‘ఎ లిటిల్ లాంగర్’ కావాలి. పెన్నా దగ్గరికి వచ్చేసరికి ‘మచ్ షార్టర్’ కావాలి. ‘వెరీ లాంగర్’ అనే పిల్లవాడికి ‘మచ్’ ఎందుకు అవసరమో ఇక్కడ అంకెలే చూపిస్తాయి. మూడింట్లో ‘ద లాంగెస్ట్’ గోదావరి. గంగ 2,525 కిలోమీటర్లని రాయగానే గోదావరి దిగిపోయి ‘ద సెకండ్ లాంగెస్ట్’ అవుతుంది. ఏ గుంపులో పోలుస్తున్నామో చెప్పకపోతే సూపర్లేటివ్‌కు అర్థం లేదని పిల్లలకు ఒక్క అంకెతో తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. ఇంగ్లీషులో నదుల పేర్ల ముందు ఎలాగూ ‘ద’ ఉంటుంది. కాబట్టి ఈ వాక్యాల్లో సూపర్లేటివ్ ముందు వచ్చే ‘ద’ను విడిగా లెక్కపెట్టండి. రెండూ కలిపేస్తే మీ లెక్క మిమ్మల్నే మోసం చేస్తుంది.

8. ‘అది ఇంగ్లీషే కాదు’ అనకండి

‘మోర్ బిగ్గర్’ అన్న పిల్లవాడితో ‘అసలు అర్థముందా? రెండుసార్లు ఎందుకు?’ అంటాం. అర్థం లేక కాదు. షేక్‌స్పియర్ 1599 ప్రాంతంలో రాసిన ‘జూలియస్ సీజర్’ నాటకంలో బ్రూటస్ పొడిచిన పోటును వర్ణిస్తూ ఆంటొనీ సూపర్లేటివ్ గుర్తులు రెండూ ఒకే విశేషణానికి తగిలిస్తాడు. ఆ కాలపు ఇంగ్లీషులో అది మాటకు బలమిచ్చే పద్ధతి. 1762లో, తర్వాత లండన్ బిషప్ అయిన రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో జంట కంపారెటివ్‌లు, జంట సూపర్లేటివ్‌లు తగవని రాశాడు. అలాంటి వ్యాకరణాలు బళ్లకెక్కాక, రాసే ఇంగ్లీషులో అవి తప్పుగా స్థిరపడ్డాయి. అయినా ‘లెస్సర్’ అనే మాట నిక్షేపంగా మిగిలింది. ‘లెస్’ అన్నదే కంపారెటివ్, దాని మీద ఇంకో ‘ఇఆర్’. మనం మాత్రం తక్కువ తిన్నామా? సంస్కృతంలో ‘ఉత్తమ’ అన్నదే అన్నిటికంటే పై మెట్టు. అయినా ‘అత్యుత్తమ’ అని రోజూ రాస్తున్నాం.

ఇదంతా పిల్లలకు చెప్పనక్కర్లేదు. టీచరు మనసులో ఉంటే చాలు, గొంతు మారుతుంది. ‘ఇది తెలివితక్కువ మాట’ అనాల్సిన చోట ‘ఇప్పటి రాత ఇంగ్లీషులో ఒక గుర్తు చాలు, రెంట్లో ఏది ఉంచుతావు?’ అని అడుగుతాం. మొదటి మాటకు పిల్లవాడు తల దించుకుంటాడు. రెండోదానికి ఆలోచిస్తాడు.

9. అన్నీ దిద్దకండి, ఒక్కటి ఎంచుకోండి

ఆరు తప్పులకు ఆరు గీతలు గీస్తే పిల్లవాడు చూసేది మార్కుల్ని మాత్రమే. ఏది ముందో మీరు తేల్చాలి. 1970లలో మరీనా బర్ట్, కరోల్ కిపార్‌స్కీ ఇద్దరూ తప్పుల్ని రెండు రకాలుగా చూడమన్నారు. వాక్యమంతటి అర్థాన్ని గల్లంతు చేసేవి కొన్ని, ఒక మూలన ఉండి అర్థానికి అడ్డురానివి కొన్ని. ‘దేన్ గుంటూర్ మై విలేజ్ స్మాలర్’ అని ఎవరైనా రాస్తే ఎవరు చిన్న, ఎవరు పెద్ద అన్నదే తారుమారయ్యే ప్రమాదం ఉంది. దాన్ని ఆ రోజే చూడాలి. ‘ఓల్డెస్ట్ పర్సన్’ ముందు ‘ద’ లేకపోతే ఎవరికీ అర్థం చెడలేదు. అది ఆగగలదు.

మన కుర్రవాడికి ఈ వారం నేను ఎంచుకునేది ‘స్మాల్ దేన్’, ‘గుడ్ దేన్’. ఎందుకంటే ‘స్ట్రాంగర్ దేన్’ అని అతనే రాశాడు, అంటే అంచుదాకా వచ్చి ఉన్నాడు. నోట్‌బుక్కు కింద ఇలా రాస్తాను: ‘నీ ఐదో వాక్యంలో “దేన్” ముందు మాట చూడు. మొదటి వాక్యంలో, మూడో వాక్యంలో “దేన్” ముందు మాట చూడు. ఏమైనా తేడా కనిపించిందా?’ అతని ఒప్పే అతని తప్పును దిద్దుతుంది. ‘ద’ సంగతి వచ్చే వారం. ‘వన్ ఆఫ్ ద బెస్ట్’లో ‘ద’ సరిగ్గా పడిందని మురిసిపోనక్కర్లేదు, పక్కనే ‘ఓల్డెస్ట్’కు లేదు కాబట్టి. ఆ మాటల ముద్ద విన్నది విన్నట్టు వచ్చిందే గానీ ‘ద’ తెలిసి రాలేదు. ఆ పాఠం విడిగా కావాలి.

ఇంత తీరిక ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సిలబస్ తరుముతుంటుంది, పరీక్షలు నెత్తిమీద ఉంటాయి. అందుకే కట్టంతా ఒకేసారి చదవమనడం లేదు. వారానికి ఐదు నోట్‌బుక్కులు వంతులవారీగా తీసుకోండి, వాటిని మాత్రం ఇలా చదవండి. మిగతావాటికి మీ మామూలు టిక్కులు పెట్టుకోండి. టర్మ్ ముగిసేసరికి క్లాసులో ప్రతి పిల్లవాడి ఇంగ్లీషూ ఏ మెట్టు మీద ఉందో మీ డైరీలో ఉంటుంది. దిద్దే పని తగ్గుతుంది కూడా. ఎందుకంటే వచ్చిన పాఠాన్ని మళ్లీ చెప్పరు, రాని పాఠాన్ని వదిలేయరు.

ఇదంతా పెద్ద సంస్థల పని అనీ అనుకోకండి. హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై నేడు ఇఫ్లూ అయిన విశ్వవిద్యాలయం దేశమంతటా ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇచ్చింది. అక్కడి ఆచార్యులకు సిద్ధాంతాలు తెలుసు. కానీ మీ మండలంలో, మీ యాసలో, మీ పిల్లలు ఈ వారం రాసిన వాక్యాలు వాళ్ల దగ్గర లేవు. మీ బల్ల మీద ఉన్నాయి. తెలుగు పిల్లలు ఇంగ్లీషులో ఎలా పోలుస్తారు, ఎక్కడ తడబడతారు, ఎన్నాళ్లకు దాటతారు అన్నది తెలుసుకోగల మొదటి మనిషి క్లాస్ టీచరే. రేపు పొద్దున తీసే మొదటి నోట్‌బుక్కులో పోలిక ఉన్న వాక్యం ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని రాసుకున్నాకే పెన్ను మూత తీయండి.